పెద్దతెర గల పాత ల్యాప్‌టాప్‌ను కొనునపుడు చూడవలసిన సంగతులు

మన సంఘ సభ్యులలో పలువురు ఇంటికొక ల్యాప్‌టాప్ కొనదలచి, ఈ మధ్య నన్ను సలహా యడుగుచున్నారు. వ్యవసాయ ప్రదర్శకునకు ఈ యంత్రముతో నేమి పనియని కొందరు నవ్వవచ్చును. కాని మీభూమిలో అడంగలు, 1-బి చూచుకొనుటకును, ఈ-నామ్‌లో మార్కెట్టు ధరలు తెలిసికొనుటకును, పిల్లల చదువునకును ఇది ఇంటి పనిముట్టైనది. కేంద్ర ప్రభుత్వము 2022 లో సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది మొదలు సంఘపు లెక్కలు కూడ తెరమీదికి వచ్చుచున్నవి. చేతి ఫోనులో ఇవి కనబడును గాని, నలువది దాటిన కన్నులకు ఆ యక్షరములు చీమలబారువలె తోచును. కావున పెద్దతెర కావలెనను కోరిక సబబైనదే.

క్రొత్తదానికి సొమ్ము చాలనివారు ‘రీఫర్బిష్డ్’ అనబడు పాత యంత్రములను చూచుచున్నారు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాపులను కొన్నియేండ్లకొకసారి మార్చివేయును. వర్తకులు వానిని టోకున కొని, చెడిన భాగములు మార్చి, పరీక్షించి తిరిగి యమ్ముదురు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలోని రిచీ వీధి ఇట్టి కంప్యూటరు వ్యాపారమునకు పేరుపడిన చోట్లు. ఈ వ్యాపారము తప్పుడుది కాదు. కార్యాలయములకై చేసిన యంత్రములు గట్టివి, విప్పి బాగుచేయుటకు వీలైనవి. అయితే ఏమియు బాగుచేయక, పైపైన తుడిచి అమ్మువారును ఇదే పేరు పెట్టుచున్నారు. సంతలో కొమ్ములకు రంగువేసిన యెద్దును చూచి మనము మోసపోము. నోరు తెరచి పండ్లు చూతుము. ఇచ్చటను అట్లే చూడవలెను.

ఈ యంత్రమునకు పండ్లేవనగా, ప్రాసెసరు పేరులోని అంకెలు. ఇంటెల్ వారి ‘ఐ5-8250యు’ అను పేరులో గీత తరువాత 8 ఉన్నది. అది 8వ తరము. ‘ఐ5-6300యు’ 6వ తరము. ‘ఐ5-1135జీ7’ లో 11 ని చదువుకొనవలెను. దుకాణదారుడు “ఇది ఐ7, ఐ5 కంటె గొప్పది” అనిన నమ్మరాదు. 4వ తరపు ‘ఐ7-4600యు’ లో కోరులు రెండే. 8వ తరపు ‘ఐ5-8250యు’ లో నాలుగు. పైన నతికించిన చీటీ మార్చుటకు వీలున్నది గనుక, యంత్రమును తెరిపించి సెట్టింగులలో చూపుమని యడుగుడు.

తరమును ఇంతగా చెప్పుటకు కారణము వేగము మాత్రమే కాదు. విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14 తో ముగిసినవి. విండోస్ 11 నకు వారు ఒప్పుకొను ప్రాసెసర్లు, కొద్ది మినహాయింపులు తప్ప, 2017 లో వచ్చిన ఇంటెల్ 8వ తరమును, ఏఎండీ రైజెన్ 2000 వరుసయు, వాని తరువాతివియు మాత్రమే. అంతకు పాతవానిలో కూడ కొందరు వర్తకులు దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి యిచ్చుచున్నారు. అట్టివానికి సవరణలు వచ్చునను పూచీ లేదు. సవరణలు రాని యంత్రము పందికొక్కు కన్నమును పూడ్చని గాదెవంటిది. అందులో బ్యాంకు రహస్యపదము కొట్టుట పంటసొమ్మును ప్రమాదమున బెట్టుటయే. వెల ఎంత చౌకయైనను అట్టిది కొనవలదు. లినక్సు నెరిగిన కుఱ్ఱవాడు ఇంటనున్నచో మాట వేరు.

ఇక తెర. దీనిని మూలనుండి మూలకు కొలుతురు. సాధారణముగా దొరకు పెద్దతెరలు 15.6 అంగుళములు, 17.3 అంగుళములు. కాని కొలత పెద్దదైనంత మాత్రమున చూపు స్పష్టము కాదు. పాత తెరలు పెక్కింటిలో అడ్డముగా 1,366, నిలువుగా 768 చుక్కలుండును. అనగా సుమారు పదిన్నర లక్షలు. 1,920 కి 1,080 గల తెరలో ఇరువది లక్షలకు పైగా నుండును. ఇంగ్లీషునకు మొదటిది సరిపోవచ్చును. మన తెలుగులో దకు ధకు భేదము చిన్న గీతయే; ఒత్తులు, గుడులు కలిసిపోయినచో పట్టాదారు పేరే మారిపోవును. కావున 15.6 అంగుళముల తెరయైనను రెండవ రకమునే కోరుడు. అక్షరములు చిన్నవిగా నున్నయెడల సెట్టింగులలో 125 వంతులకో 150 వంతులకో పెంచుకొనవచ్చును. దుకాణములో ఒక తెలుగు పుట తెరిపించి చదువుడు. ప్రక్కనుండి కూడ చూడుడు. తెల్లని పుట, నల్లని పుట నిండుగా పెట్టించినచో చచ్చిన చుక్కలు, మరకలు బయటపడును. 17.3 అంగుళములది బరువు. బల్లమీద నుంచువారికే తగును. ఇంటనే వాడువారు 14 అంగుళముల మంచి యంత్రమును కొని, వేరొక తెరను తగిలించుకొనుట తెలివియని నా యభిప్రాయము.

బ్యాటరీకి విండోస్ స్వయముగా నివేదిక యిచ్చును. అందు తయారీనాటి శక్తి, ఇప్పుడు పూర్తిగా నిండినపుడు పట్టు శక్తి రెండును కనబడును. మొదటిది 50,000, రెండవది 40,000 అయినచో నూటికి ఎనుబది మిగిలినది. అరువదికి తగ్గినచో వెల తగ్గించుమనుడు, లేదా క్రొత్తది వేయించుమనుడు. మన పల్లెలలో కరెంటు పోక తప్పదు గదా! యంత్రము బల్లమీద సమముగా కూర్చుండక అడుగుభాగము ఉబ్బినట్లున్నచో బ్యాటరీ పొంగినదని అనుమానింపవలెను. అది అగ్నిప్రమాదము, ముట్టవలదు.

ర్యామ్ 8 జీబీకి తక్కువ వలదు. తిరుగుడు డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ ఉండవలెను. మీటలన్నియు నొక్కి చూడుడు. కీళ్లు వదులైనవేమో గమనింపుడు.

బిల్లు లేనిదే సొమ్మియ్యరాదు. దొంగసొత్తు చేతబడినచో పోలీసుస్టేషను చుట్టు తిరుగవలసివచ్చును. బిల్లులో సీరియల్ నంబరు, ప్రాసెసరు, పూచీ యెన్ని నెలలో వ్రాయించి, ఆ నంబరు యంత్రము అడుగున నున్నదానితో సరిచూడుడు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము ఇట్టి యంత్రములను బాగుచేయువారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదు కావలెను; ఆ సంగతియు అడుగవచ్చును. అమ్మినవాడు మాట తప్పినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, కారణము పుట్టిన రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలకు మించని కొనుగోలుకు రుసుము లేదు.

ఇంటికి తెచ్చిననాడే పాతవారి ఖాతాలు మిగులకుండ యంత్రమును రీసెట్ చేయించి, మీ రహస్యపదము పెట్టుకొనుడు. మూడు ముళ్ల ప్లగ్గును ఎర్తు గల సాకెట్టులోనే పెట్టుడు. నూర్పిళ్ల దినములలో దానిపై గుడ్డ కప్పుడు. వాడునపుడు మాత్రము తీసివేయుడు, లేనిచో వేడికి చెడును.