బీఎస్సీ చదువు, ఎంబీబీఎస్ సీటు: ఏది దేనికి లెక్కకు వస్తుంది?

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వైద్యవిద్య ప్రవేశాల్లో డిగ్రీ మార్కుల స్థానం అమెరికాలో ఎలా ఉందో, మన దగ్గర ఎలా ఉందో వివరించగలుగుతారు.
• నీట్‌కు మీ అర్హతను మీరే సరిచూసుకోగలుగుతారు.
• డిగ్రీ చదువుతూ మళ్ళీ నీట్ రాయాలా, వద్దా అన్నది ఆలోచించి నిర్ణయించుకోగలుగుతారు.

1.1 పరిచయం

కొన్నేళ్ళ కిందట విజయవాడలో ఆదివారం తరగతి ముగిశాక ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. ఊరు కైకలూరు వైపు. తండ్రి చేపల చెరువు లీజుకు చేస్తారు. ఇంటర్ తరువాత రెండేళ్ళు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంది, సీటు రాలేదు. దూరవిద్యలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతోంది. "సార్, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకుంటే ఎంబీబీఎస్ సీటుకు కలిసొస్తాయా? అమెరికాలో మా పెదనాన్నగారి అబ్బాయి అలాగే చేశాడట" అని అడిగింది.

నేను తొందరలో ఉండి, "చదివిన చదువు ఎక్కడికీ పోదమ్మా" అన్నాను. ఆ మాటను ఆమె 'అవును' అని అర్థం చేసుకుంది. ఆ ఏడాది నీట్‌కు దరఖాస్తు చేయకుండా డిగ్రీ మార్కుల కోసమే కష్టపడింది. మరుసటి ఏడాది ఆ సంగతి చెప్పినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆనాడు చెప్పవలసిన జవాబును ఈ పాఠంలో వివరంగా చెబుతున్నాను.

1.2 అమెరికా పద్ధతి

అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తరువాతి చదువు. సాధారణంగా నాలుగేళ్ళ డిగ్రీ పూర్తయ్యాక నాలుగేళ్ళ ఎం.డి.లో చేరతారు. ఎంపికలో ఎంక్యాట్ పరీక్షతో పాటు డిగ్రీ గ్రేడ్ల సగటు కూడా చూస్తారు. అందువల్ల గ్రేడ్లు తగ్గినవారు డిగ్రీ స్థాయి సైన్సు కోర్సులు మరికొన్ని చదివి ఆ సగటును పెంచుకుంటారు.

ఉదాహరణ: ఒక విద్యార్థికి 120 క్రెడిట్లలో సగటు 3.2. తరువాత మరో 30 క్రెడిట్లు చదివి అన్నింటిలోనూ 4.0 తెచ్చుకుంటే, (120 × 3.2 + 30 × 4.0) ÷ 150 = 3.36. పెరుగుదల చిన్నదే. అయినా అది దరఖాస్తులో కనిపిస్తుంది. ఆ పెదనాన్నగారి అబ్బాయి చేసినది ఇదే. అక్కడి లెక్కకు అది సరైన పనే.

1.3 మన పద్ధతి

మన దేశంలో ఎంబీబీఎస్ ఇంటర్ తరువాతి చదువు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకుతో సీట్లు ఇచ్చేవారు. 2017 నుంచి రాష్ట్ర కౌన్సెలింగ్ ప్రవేశాలు నీట్ ద్వారానే జరుగుతున్నాయి. విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం రాష్ట్ర కౌన్సెలింగ్ నిర్వహిస్తుంది. అక్కడ చూసేవి నీట్ ర్యాంకు, రిజర్వేషన్ వర్గం, స్థానికత. డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదు. బీఎస్సీలో 90 శాతం వచ్చినా, 50 శాతం వచ్చినా నీట్ ర్యాంకులో ఒక్క అంకె కూడా మారదు.

నీట్ ప్రశ్నపత్రంలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రానికి 180, రసాయనశాస్త్రానికి 180, జీవశాస్త్రానికి 360 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు కలుపుతారు, తప్పు జవాబుకు 1 మార్కు తీసేస్తారు. అంటే తెలిసిన ప్రశ్నను తొందరలో తప్పు చేస్తే మొత్తం మీద 5 మార్కుల తేడా వస్తుంది.

1.4 డిగ్రీ పాఠాలు నీట్‌కు పనికివస్తాయా?

కొంతవరకు పనికివస్తాయి. బీఎస్సీలోని జన్యుశాస్త్రం, కణజీవశాస్త్రం, శరీరధర్మశాస్త్రం నీట్ పాఠ్యాంశాలకు దగ్గరగా ఉంటాయి. అయితే రెండు చిక్కులున్నాయి.

మొదటిది, లోతులో తేడా. డిగ్రీ పరీక్షలో ఒక అంశాన్ని పేజీలకొద్దీ వివరించాలి. నీట్‌లో ఒక్కో ప్రశ్నకు సగటున ఒక నిమిషమే ఉంటుంది. ఈ రెండింటికీ కావలసిన అభ్యాసం వేరు.

రెండవది, చాలామంది గమనించనిది: వృక్ష, జంతు, రసాయనశాస్త్రాలు తీసుకున్నవారి డిగ్రీలో భౌతికశాస్త్రం ఉండదు. అంటే 180 మార్కుల విషయం రోజురోజుకూ దూరమవుతుంది. నేను చూసిన విద్యార్థుల్లో జీవశాస్త్రంలో బలపడి భౌతికశాస్త్రంలో వెనకబడినవారే ఎక్కువ. మీరు నీట్ రాయదలిస్తే ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకాలను అటక ఎక్కించకండి.

1.5 అర్హత

• కనీస వయసు: చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు. గరిష్ఠ వయోపరిమితి తొలగిపోయినట్లు 2022లో ప్రకటించారు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి కూడా ప్రస్తుతం లేదు.
• మార్కులు: ఇంటర్ భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో ఉత్తీర్ణత ఉండాలి. ఇంగ్లీషులో కూడా ఉత్తీర్ణత ఉండాలి.
• ఎంపీసీ చదివినవారు: గుర్తింపు పొందిన బోర్డులో జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా తరువాత పూర్తి చేసినా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. కాబట్టి దీనికోసం బీఎస్సీలో చేరనవసరం లేదు.

నిబంధనలు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది సమాచార పుస్తకాన్ని తప్పక చదవండి.

1.6 నిర్ణయం ఎలా తీసుకోవాలి?

గడువు లేని ప్రయత్నం మంచిది కాదు. నిబంధనలు పరిమితి పెట్టలేదు కాబట్టి ఆ పరిమితిని మీరే పెట్టుకోవాలి. దీనికి మూడు మెట్లు.

(అ) పాత నీట్ ప్రశ్నపత్రాలు రెండు తీసుకుని, ఒక్కోదాన్ని సరిగ్గా మూడు గంటల్లో రాయండి. మార్కులు మీరే నిజాయితీగా వేసుకోండి.

(ఆ) కిందటి ఏడాది సీట్ల కేటాయింపు జాబితాలో మీ వర్గానికి, మీ స్థానిక ప్రాంతానికి చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూడండి. కన్వీనర్ కోటానే చూడండి. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు ఇంటి పొలానికి ముప్పు కావచ్చు.

(ఇ) ఆ ర్యాంకుకు వచ్చిన మార్కులకూ మీ మార్కులకూ ఉన్న తేడా రాసుకోండి. అది ఒక్క సబ్జెక్టులో, సాధనతో పూడేదిగా ఉంటే ఒక ఏడాది గడువు పెట్టుకుని రాయండి. మూడు సబ్జెక్టుల్లోనూ పెద్ద తేడా ఉంటే డిగ్రీనే ప్రధానం చేసుకోండి. ఈ కాగితాన్ని అమ్మానాన్నలకు కూడా చూపించండి. లీజు డబ్బు కట్టేవారికి లెక్క తెలియాలి.

రెండూ కలిపి చదివేవారు పరీక్ష తేదీలు చూసుకోవాలి. ఇటీవలి సంవత్సరాల్లో నీట్ మే మొదటి ఆదివారం జరిగింది.

బీఎస్సీ ఎంబీబీఎస్‌కు మెట్టు కాకపోయినా, అది వేరే దారులు తెరుస్తుంది: పీజీసెట్ రాసి సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం వంటి ఎమ్మెస్సీలు, ఎడ్‌సెట్ రాసి బీఎడ్, ప్రజారోగ్యంలో పీజీ.

ఆ విద్యార్థిని కూడా ఈ మూడు మెట్లూ చేసింది. తేడా పెద్దదే వచ్చింది. కాసేపు ఏడ్చింది. తరువాత డిగ్రీ పూర్తి చేసి సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. ఆమె పోగొట్టుకున్న ఆ ఒక్క ఏడాది మాత్రం నా మాట వల్ల పోయింది.

1.7 సారాంశం

అమెరికాలో అదనపు కోర్సులు ప్రవేశ దరఖాస్తుకు బలాన్నిస్తాయి. మన దగ్గర నీట్ ర్యాంకులో డిగ్రీ మార్కులకు స్థానం లేదు. డిగ్రీని డిగ్రీ కోసం చదవండి. నీట్ రాస్తే దానికి వేరే సమయం, వేరే సాధన, స్పష్టమైన గడువు పెట్టుకోండి.

1.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 100 క్రెడిట్లలో సగటు 3.0 ఉన్న విద్యార్థి మరో 25 క్రెడిట్లలో 4.0 సాధిస్తే కొత్త సగటు ఎంత?
2. ఒక అభ్యర్థి నీట్‌లో 120 ప్రశ్నలకు సరిగా, 40 ప్రశ్నలకు తప్పుగా జవాబు రాసి, మిగిలినవి వదిలేశాడు. అతని మార్కులెన్ని?
3. వృక్ష, జంతు, రసాయనశాస్త్రాలతో డిగ్రీ చదివేవారు నీట్ విషయంలో తీసుకోవలసిన ప్రత్యేక జాగ్రత్త ఏమిటి?

జవాబులు: 1) 3.2, 2) 440, 3) 1.4 విభాగం చూడండి.