పాట గురుమాయిది, పట్టా మరొకరిది

బస్తర్ పరిశోధనల్లో మూలం చెప్పకపోతే పోయేది ఒకరి పేరు మాత్రమే కాదు, నిజానిజాలు తేల్చుకునే దారి కూడా

బస్తర్‌లో విల్లు, కుండ, చేట కలిపి అమర్చిన ధన్‌కుల్ వాయిస్తూ రోజుల తరబడి గాథలు పాడే మహిళలను గురుమాయిలు అంటారు. వరి పుట్టుకను చెప్పే లచ్మి జగార్ వారి నోట హల్బీ భాషలో తరాలుగా నిలిచింది. కొండగావ్ నుంచి 2003లో ఆ గాథ పుస్తకంగా వచ్చింది. తెచ్చినవారు ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ, స్థానిక రచయిత హరిహర్ వైష్ణవ్. అయితే పుస్తకం శీర్షికలో ఉన్న పేరు ఆ ఇద్దరిదీ కాదు. పాడిన గురుమాయి సుక్‌దాయిది.

ఈ గౌరవం అందరికీ దక్కదు. గిరిజన సంస్కృతిపై వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో 'ఒక వృద్ధురాలు చెప్పింది', 'క్షేత్ర పర్యటనలో సేకరించినది' అన్న మాటలే తరచుగా కనిపిస్తాయి. అచ్చయిన పుస్తకం నుంచి పేరా ఎత్తితే గ్రంథచౌర్యం. మరి ఓ గాయని జీవితమంతా మోసిన గాథను పేరు లేకుండా వాడుకుంటే ఏమనాలి?

నిబంధనలకు ఈ ప్రశ్న పట్టదు. గ్రంథచౌర్యం నివారణకు యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు పోలికను శాతాల్లో కొలుస్తాయి. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే పరిశోధకుడి రిజిస్ట్రేషనే రద్దు. సరైన ఆపాదనతో ఉటంకించిన భాగాలను ఈ లెక్కలోంచి తీసేస్తారు.

ఈ కట్టడి అవసరమే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఓ రసాయన శాస్త్ర ఆచార్యుడు 2004-07 మధ్య ప్రచురించిన 70కి పైగా పత్రాల్లో చౌర్యమో, కల్పనో ఉందని 2008లో బయటపడింది. కుమావూ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ బి.ఎస్. రాజ్‌పుత్ భౌతిక శాస్త్ర పత్రంలో చౌర్యం ఆరోపణలపై 2003లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. రెండుచోట్లా పక్కన పెట్టి పోల్చడానికి అచ్చయిన అసలు పత్రం ఉంది.

బస్తర్‌లో ఆ వెసులుబాటు తక్కువ. ఇక్కడి జ్ఞానంలో పెద్ద భాగం గోండి, హల్బీ, దోర్లీ మాటల్లో ఉంది. హల్బీలో విన్నది హిందీలో రాసి, ఇంగ్లిష్‌లో అచ్చువేస్తే సాఫ్ట్‌వేర్‌కు చిక్కేదేమీ ఉండదు. గురుమాయి పాట ఏ డేటాబేస్‌లోనూ లేకపోతే, ఆ సిద్ధాంత వ్యాసం 'సున్నా శాతం పోలిక' సర్టిఫికెట్‌తో నెగ్గుతుంది.

పోయేది గౌరవం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. మూలంతో పాటు కాలం కూడా పోతుంది. ఘోటుల్ సంగతే చూడండి. 1940లో బస్తర్ వచ్చిన వెరియర్ ఎల్విన్, మురియాల యువజన కేంద్రమైన ఘోటుల్‌పై 1947లో పెద్ద గ్రంథం వెలువరించారు. ఆ తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లి తాను చూసింది రాసిన సిమ్రాన్ గెల్ పుస్తకం 1992లో వచ్చింది. ఆమెది పరిశోధన. ఎల్విన్ పేరు చెప్పకుండా ఆయన వర్ణనలను వర్తమాన కాలంలో తిరగరాయడం మరోటి. అప్పుడు 1940ల నాటి మురియా యువతీ యువకులు నేటికీ అలాగే ఉన్నట్లు పాఠకుడు నమ్ముతాడు. ఎత్తిరాసినవాడు ఎల్విన్‌కు చేసిన అన్యాయం కంటే మురియాలకు చేసినదే పెద్దది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కాకతీయులది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని తరచూ చదువుతుంటాం. ఈ వంశక్రమాన్ని చెప్పే దంతెవాడ శాసనం దిక్పాలదేవుడి కాలం నాటిది. సంవత్సరం 1703. అంటే ఓరుగల్లు కూలిన 380 ఏళ్లకు చెక్కింది. అంతమాత్రాన కథ అబద్ధమని కాదు. ఓ రాజవంశం తన గురించి తాను చెప్పుకున్న మాట అని తెలిస్తే పాఠకుడు దాన్ని తూచుకుంటాడు. శాసనం ఊసెత్తకుండా రాస్తే అదే మాట కళ్లారా చూసిన చరిత్ర అయిపోతుంది. ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ పోతే పది పుస్తకాలు పది సాక్ష్యాల్లా కనిపిస్తాయి. నిజానికి సాక్ష్యం ఒక్కటే.

కాగా బస్తర్‌లో పేరు చెప్పడానికి మరో కోణం ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఎవరితో ఏం మాట్లాడామన్నది గ్రామస్తులకు ప్రాణసంకటమైంది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టుల పైకి పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. అలాంటిచోట ఇల్లు కాలిన మహిళ పేరు, ఊరు పాదసూచికలో రాయడం నిజాయితీ కాదు, బాధ్యతారాహిత్యం. సాక్షి పేరు దాచడం రక్షణ. గాయని పేరు దాచడం దోపిడీ. ఈ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. చెప్పాల్సింది పరిశోధకుడు, నిలదీయాల్సింది పర్యవేక్షకుడు.

జగ్దల్‌పూర్‌లో 2008లో విశ్వవిద్యాలయం వచ్చింది. బస్తర్ పిల్లలు తమ ఊళ్లపై తామే పరిశోధన చేసే అవకాశం దగ్గరైంది. నాయనమ్మ పాటను సొంత ఆస్తిలా వాడుకునే ప్రలోభం వారికీ ఉంటుంది. పాటించాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ భాషలో చెప్పారో రాయడం. పేరు వేయవచ్చా అని వారినే అడగడం. అనువాదం ఎవరిదో చెప్పడం. మూలభాషలోని మాటను అనువాదం పక్కనే ఉంచడం. అచ్చయ్యాక ఓ ప్రతి ఆ ఇంటికి చేర్చడం. తన పేరు ఎక్కడుందో చదివి చూపించమని గురుమాయి అడిగితే, ఆ పేజీ తెరిచి చూపగలగాలి.