ఒకే ఒక్క మొక్క

ఒక పూవు అరుదైనదా, విరివిగా దొరకునదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుట తేలికయే అనిపించును. కాని ఆ జవాబు, అడిగినవాడు నిలుచున్న చోటునుబట్టి మారుచుండును. ఇంగ్లండులోని ఒక అడవిపూవు కథ ఇందుకు చక్కని నిదర్శనము.

ఆ పూవును ఆంగ్లేయులు 'లేడీస్ స్లిప్పర్' అందురు. మనము 'దొరసాని పాదరక్ష' అనుకొనవచ్చును. ఆర్కిడ్ కుటుంబమునకు చెందిన ఈ మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సిప్రిపీడియం కాల్సియోలస్. సున్నపురాతి నేలలపై, పలుచని నీడగల అడవులలో ఇది పెరుగును. ముదురు గోధుమవన్నె రేకుల నడుమ పసుపుపచ్చని సంచి యొకటి వ్రేలాడుచుండును. అందులో జారిపడిన చిన్న తేనెటీగ వచ్చిన దారిన తిరిగి పోజాలదు. వెనుకనున్న ఇరుకు సందునుండి దూరి బయటపడవలసినదే. ఆ దారిలో దాని వీపునకు పుప్పొడి అంటుకొనును. ఇంత శ్రమపడినను పాపము దానికి తేనె మాత్రము దక్కదు!

ఈ అందమే ఆ పూవు పాలిటికి శత్రువైనది. తోటలలో పెంచుకొనువారు దుంపలతో సహా పెరికి తీసికొనిపోయినారు, సంతలలో అమ్మినారు. 1917 నాటికి ఇంగ్లండులో ఇది నశించినదని తలచినారు. 1930లో యార్క్‌షైర్ లోయలలో ఒకే ఒక్క మొక్క కంటబడినది. చూచినవారు గొప్పకు పోలేదు. ఆ తావును రహస్యముగా ఉంచినారు. తరువాతి కాలమున పూచు దినములలో దానికి కావలి కూడ పెట్టినారు.

కావలి పెట్టినంత మాత్రమున సంతతి పెరుగునా? ఈ మొక్క విత్తనములు దుమ్మువలె సన్ననివి. వరిగింజలో వలె మొలకకు కావలసిన ఆహారము వానిలో నిలువయుండదు. నేలలోని ఒక విధమైన బూజు తోడ్పడిననే అవి మొలచును. మొలచినను తొలిపూవు పూయుటకు ఎన్నో ఏండ్లు పట్టును.

1983లో లండనులో గల క్యూ ఉద్యానమున ఆర్కిడ్ పరిరక్షణ కార్యము ప్రారంభమైనది. అక్కడి శాస్త్రజ్ఞులు ఈ మొక్క విత్తనములను ప్రయోగశాలలో, బూజు సాయము లేకుండ, పోషక పదార్థములపై మొలకెత్తించినారు. 1989 నుండి ఆ మొక్కలను అడవిలో నాటసాగినారు. వానిలో మొదటిది పూచినది 2000లో! ఒక పూవును పెరుకుటకు పట్టునది ఒక్క క్షణము. దానిని తిరిగి పూయించుటకు పట్టినది పదునొకండేండ్లు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఐరోపా నుండి ఆసియా వరకు వ్యాపించియున్నందున ప్రపంచపు ఎఱ్ఱ జాబితా ఈ జాతిని 'అంతగా ఆందోళన లేనిది' అని పేర్కొన్నది. బ్రిటను జాబితాలో మాత్రము ఇది 'తీవ్రముగా అంతరించు ప్రమాదమున ఉన్నది'. రెండును నిజములే. ఇల్లు కాలినవానికి ఊరు క్షేమమన్న మాట ఎంత ఊరట? అక్కడ 1981 నాటి చట్టము దీనిని కోయుటను గూడ నిషేధించినది.

ఈ పూవునకు మన దేశమునను బంధువు గలదు. కేరళలోని అగస్త్యమలపై పుట్టిన పాఫియోపెడిలమ్ డ్రూరీ అను ఆర్కిడ్ ఇట్లే సేకరించువారి చేతులలో చిక్కి, నేడు ప్రపంచ జాబితాలోనే తీవ్రప్రమాదపు తరగతికి చేరినది.

వృక్షశాస్త్ర పాఠమునకై విద్యార్థులు మొక్కల నమూనాలు సేకరించుట మన బడులలో వాడుక. అడవికో కొండకో పోయినపుడు ఉపాధ్యాయులు వారినొక మాట అడుగవలెను: "ఇటువంటివి ఇక్కడ ఎన్ని ఉన్నవో లెక్కించితిరా?" ఒకటే కనబడినచో దానిని పెరుకవలదు. ప్రక్కన కూర్చుండి బొమ్మ గీసికొనుడు. పుస్తకములో అణగిన మొక్క ఎండిపోవును. నేలలో విడిచిన మొక్క మరుసటి ఏటి విద్యార్థులకు పాఠము చెప్పును.