మా పాప బడికి పోదు: అధికారులు ఇంటికొస్తే ఏం చెప్పాలి? చట్టం నిజంగా ఏమంటోంది?

ఎప్పటిలాగే సికింద్రాబాద్ నుంచి, మా ఇంటి ముందు గదిలో కూర్చునే మాట్లాడుతున్నాను. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోవద్దు.

హోమ్‌స్కూలింగ్ గురించి ఇన్ని ఎపిసోడ్లు చేశాం కదా. లెక్కలు ఎలా చెప్పాలి, తెలుగు ఎలా నేర్పించాలి, ఇవన్నీ మాట్లాడుకున్నాం. కానీ కొత్తగా ఆలోచిస్తున్న తల్లిదండ్రులు నన్ను ముందు అడిగేది అది కాదు. "మేడం, ఇది చట్టప్రకారం తప్పా? ఎవరైనా వచ్చి కేసు పెడతారా?" అని అడుగుతారు. ఈరోజు దాని గురించే. నేను లాయర్‌ని కాదు, ఒక తల్లిని. చట్టం చదివాను, తలుపు తట్టినవాళ్లతో మాట్లాడాను. ఒక తప్పు కూడా చేశాను. ముందు ఆ తప్పు చెప్తాను.

మా పాపని రెండో తరగతి తర్వాత బడి మాన్పించాం. టీసీ తీసుకున్నాం. ఆ జూన్‌లో బడిబాట జరుగుతోంది. బడిబాట తెలుసు కదా, బడిలో లేని పిల్లల్ని చేర్పించడానికి ప్రభుత్వ టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక టీచరమ్మ, ఒక అంగన్‌వాడీ ఆవిడ మా గేటు దగ్గరికి వచ్చారు. "మీ పాప ఏ బడికి పోతుందమ్మా?" అని అడిగారు. నాకు గుండె దడ. పాపని లోపలి గదిలోకి పంపించేసి, "కరీంనగర్‌లో వాళ్ల అమ్మమ్మ దగ్గర చదువుతోంది" అని చెప్పేశాను. ఆవిడ రాసుకుని వెళ్లిపోయారు.

తలుపు వేశాక మా పాప బయటికి వచ్చి, "అమ్మా, నేను కరీంనగర్‌లో చదువుతున్నానా?" అంది.

ఏం చెప్పాలో తెలియలేదండి. అబద్ధం ఆడకూడదని ఇంట్లో నేర్పించేది నేనే. సరే, ఆ కథ మళ్లీ చెప్తాను. ముందు చట్టం సంగతి చూద్దాం.

చట్టంలో ఏముంది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానికి ముందు 2002లో రాజ్యాంగ సవరణ చేసి 21ఏ అధికరణం చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అని అందులో ఉంది. 'నిర్బంధ' అనే మాట వినగానే మనకి భయం. కానీ నిర్బంధం ఎవరి మీద? ఎనిమిదో సెక్షన్ చదవండి. పిల్లలు బడిలో చేరేలా, హాజరయ్యేలా, ఎనిమిదో తరగతి వరకు పూర్తి చేసేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అని ఉంటుంది. అంటే నిర్బంధం ముందు ప్రభుత్వం మీద.

మరి మన మీద ఏమీ లేదా అంటే, ఉంది. పదో సెక్షన్. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యం అంటుంది. 'ఇంట్లో చదివించినా సరే' అనే మినహాయింపు అందులో లేదు. ఇది సూటిగా ఒప్పుకోవాలి. "హోమ్‌స్కూలింగ్ ఇండియాలో పూర్తిగా లీగల్" అని కొందరు ధీమాగా చెప్తారు, ఆ మాట అంత సులువుగా అనకండి. అలాగే, ఈ కర్తవ్యం పాటించని తల్లిదండ్రులకి ఆ చట్టంలో జరిమానా లేదు, జైలు లేదు. కాబట్టి "పోలీసులు పట్టుకుపోతారు" అన్నదీ నిజం కాదు. ఈ రెండింటి మధ్య ఉన్నాం మనం.

ఇది కోర్టు దాకా కూడా వెళ్లింది. ఢిల్లీ హైకోర్టులో ఇంట్లో చదువుకుంటున్న ఒక అమ్మాయి తరఫున పిటిషన్ పడింది. ఇష్టపడి వేరే పద్ధతిలో చదివించుకునేవాళ్లకి ఈ చట్టం అడ్డు కాదని కేంద్రం మొదట అఫిడవిట్ ఇచ్చింది. మన వాళ్లంతా సంతోషపడ్డారు. తర్వాత కేంద్రం ఆ మాట మీద నిలబడలేదు, వైఖరి మార్చుకుంది. అందుకే ఆ పాత అఫిడవిట్ ప్రింట్ తీసుకుని అధికారి ముందు పెట్టకండి. అది మన చేతిలో ఉన్న లైసెన్సు కాదు.

జరిమానా అసలు ఎక్కడుంది?

పద్దెనిమిదో సెక్షన్‌లో ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపిస్తే రోజుకి పదివేల దాకా. ఇది మనకెందుకంటారా? అపార్ట్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు కలుస్తాయి. ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకుంటారు, ఒక టీచర్‌ని పెడతారు, నెలకి ఇంత అని వసూలు చేస్తారు, పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా పిల్లలుంటారు. మీరు దాన్ని హోమ్‌స్కూల్ గ్రూప్ అంటారు. అధికారికి అది గుర్తింపు లేని బడిలా కనిపిస్తుంది. మీ పిల్లల్ని మీరు చదివించుకోవడం వేరు, పక్కవాళ్ల పిల్లల్ని ఫీజు తీసుకుని కూర్చోబెట్టడం వేరు. వారానికోసారి పార్కులో కలవండి, మ్యూజియంకి తీసుకెళ్లండి. బోర్డు మాత్రం పెట్టకండి.

ఇంకో జాగ్రత్త. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలు సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చు, ప్రమాదకరం కానిదైతే, అదీ బడి వేళల తర్వాత, సెలవుల్లో. మన పిల్లలకి బడి వేళలు లేవు కదా అని మధ్యాహ్నం పదకొండింటికి షాపు కౌంటర్‌లో కూర్చోబెట్టారనుకోండి. మీకది ప్రాక్టికల్ లెక్కలు. ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జూలైలో జరుగుతాయి, ఆ టీమ్ వస్తే వాళ్లకి అక్కడ పనిచేస్తున్న పిల్లాడు కనిపిస్తాడు. తప్పు వాళ్లది కాదు.

వేరే దేశాల్లో ఎలా?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే, కానీ రూలు రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో ప్రభుత్వానికి ముందుగా నోటీసు ఇవ్వక్కర్లేదు. న్యూయార్క్‌లో నోటీసు ఇవ్వాలి, ఏం నేర్పిస్తారో ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. బడి ఎగ్గొట్టడాన్ని అక్కడ ట్రూయన్సీ అంటారు. బడిలో పేరు ఉండగానే పిల్లల్ని పంపడం మానేస్తే ఆ ఆబ్సెంట్లన్నీ లెక్కకొస్తాయి. కాబట్టి పేరు తీయించమని ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంగ్లండ్ చట్టంలో బడిలో గానీ, వేరే విధంగా గానీ చదివించవచ్చని ఉంది. జర్మనీలో బడికి వెళ్లడం తప్పనిసరి, ఇంట్లో చదివిస్తామంటే ఒప్పుకోరు. ఆ నిషేధం మీద యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లిన కుటుంబాలు కూడా ఓడిపోయాయి.

అక్కడైనా ఇక్కడైనా ఒకటే పాఠం. చెప్పకుండా మానేయకండి. ఇక్కడైతే టీసీ తీసుకోండి. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ యూడైస్‌లో ఆన్‌లైన్ అయిపోయాయి. ఒక బడి వదిలి ఇంకో బడిలో చేరకపోతే ఆ పేరు సిస్టమ్‌లో ఎటూ కాకుండా పెండింగ్‌లో కనిపిస్తుంది. ఎవరో ఒకరు ఆరా తీయాల్సిందే, అది వాళ్ల డ్యూటీ.

మళ్లీ తలుపు తట్టారు

మా ఇంట్లో జరిగింది అదే. మరుసటి జూన్‌లో అదే టీచరమ్మ వచ్చారు. "కరీంనగర్‌ల ఏ బడి అమ్మా? పేరు చెప్తరా? పాప ఎక్కడా చేరినట్టు లేదు" అన్నారు. ఈసారి అబద్ధం రాలేదు. "మేడం, లోపలికి రండి" అని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ చేతిలో ఉన్న లిస్టు తిప్పి చూపించారు.

"మీ గల్లీ చివర టిఫిన్ సెంటర్ ఉంది కదమ్మా, అక్కడ ప్లేట్లు తీసే బాబుకి పదకొండేళ్లు. మీ పాప పేరు, ఆ బాబు పేరు నా లిస్టుల ఒక్క దగ్గరనే ఉంటయి. బడి బయటి పిల్లలు అని. ఆ ఓనర్‌ని అడిగితే ఊరి నుంచి సెలవులకి వచ్చిండు అన్నడు. మీరు కరీంనగర్ అన్నరు. ఆయన అబద్ధానికి, మీ అబద్ధానికి నాకు తేడా ఎట్ల తెలుస్తది?"

అక్కడ నేను వారానికి మూడు సార్లు ఇడ్లీ తింటానండి. ఆ బాబు నా ముందు చట్నీ గిన్నె పెట్టేవాడు. నువ్వు ఏ బడి అని ఒక్కరోజు అడగలేదు.

ఆ రాత్రి నాకు అర్థమైంది, ఈ చట్టం మన కోసం రాసింది కాదని. మన సికింద్రాబాద్‌లోనే, మారేడుపల్లిలో ఎం.వి. ఫౌండేషన్ ఉంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని విడిపించి, క్యాంపుల్లో కొన్నాళ్లు చదువు చెప్పి, వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి ఛైర్‌పర్సన్ కూడా ఆవిడే. వాళ్ల సూత్రం ఏంటంటే, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికుల కిందే లెక్క. రాత్రి బడి, సగం పూట బడి లాంటివి వద్దు, పగటి పూట పూర్తి స్థాయి బడి కావాలి. ఎందుకంటే సందు ఇస్తే ఆ సందులోంచే పిల్లల్ని మళ్లీ చేలోకి పంపేవాళ్లు.

ఆ సూత్రం ప్రకారం మా పాప కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నాకది మింగుడు పడలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆ గట్టి మాట లేకపోతే ఆ బాబు కోసం ఎవరూ తలుపు తట్టరు. మాకు మినహాయింపు కావాలని అడిగే ముందు, ఆ మినహాయింపుని టిఫిన్ సెంటర్ ఓనర్ ఎలా వాడుకుంటాడో కూడా మనం ఆలోచించాలి. మనం కనిపించేలా ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది.

అయితే ఏం చేయాలి?

ఒకటి, దాక్కోకండి. పిల్లలకి అబద్ధాలు నేర్పకండి. వచ్చినవాళ్లని ఐడీ కార్డు అడగండి, అందులో తప్పులేదు. పేరు, తేదీ రాసుకోండి. గుమ్మంలో సెక్షన్లు చెప్పి వాదించకండి. వచ్చేది ఎక్కువగా టీచరో, సీఆర్పీనో. చట్టం మార్చే అధికారం వాళ్లకి లేదు.

రెండు, ఒక ఫైలు పెట్టండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు, టీసీ కాపీ. నెలనెలా ఏం చదివిందో ఒక పేజీ. తేదీ వేసిన నోటుపుస్తకాలు. లైబ్రరీ కార్డు, సంగీతం క్లాసు రసీదులు. మా టీచరమ్మ పావుగంట నోటుపుస్తకాలు తిరగేసి, పాపతో పాఠం చదివించుకుని, "ఒక లెటర్ రాసియ్యండమ్మా, ఇంట్ల చదివిస్తున్నమని" అన్నారు. రాసిచ్చాను, కాపీ నా దగ్గర పెట్టుకున్నాను. తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

మూడు, మీ స్థానిక సంస్థ ఏదో తెలుసుకోండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చేరిక, హాజరు చూడాల్సింది ఆ సంస్థే. సికింద్రాబాద్‌లో ఇది తికమక. కొన్ని వీధులు కంటోన్మెంట్ బోర్డు కిందికి వస్తాయి, కొన్ని మున్సిపల్ కార్పొరేషన్ కిందికి. లెటర్ తప్పు ఆఫీసుకి పోతే ఇవ్వనట్టే. మండల విద్యాధికారికి కూడా ఒక కాపీ ఇచ్చి, ముద్ర వేయించుకోండి.

నాలుగు, పరీక్షల దారి ముందే చూసుకోండి. ఎన్‌ఐఓఎస్‌లో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. ఏ లెవల్ మూడో తరగతికి, బీ లెవల్ ఐదుకి, సీ లెవల్ ఎనిమిదికి సమానం. 14 నిండాక ఎన్‌ఐఓఎస్‌లో గానీ, మన తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో గానీ నేరుగా పది రాయొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టు పాస్ అవుతూ పోవచ్చు.

అయిదు, ఇది చాలా ముఖ్యం. బడికి తిరిగి వెళ్లే తలుపు తెరిచే ఉంచండి. ఆ తలుపు ఇచ్చింది కూడా ఈ చట్టమే. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు కాగితం లేదని కాదనకూడదు. మీ ఆరోగ్యం బాగోలేదు, ఉద్యోగం మారింది, లేదా పిల్లే "అమ్మా, నాకు ఫ్రెండ్స్ కావాలి" అంది, అప్పుడు మొండిపట్టు వద్దు. మేం ఏటా మే నెలలో పాపని అడుగుతాం, ఈ ఏడు బడికి వెళ్తావా అని. ఆ జవాబు తనదే.

చివరిగా ఇంకొక్క మాట. మీ వీధిలో పని చేస్తున్న పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఉచితం. మన పిల్లల చదువు గురించి ఇంత ఆలోచించే మనం ఆ ఒక్క ఫోన్ చేయలేమా?

వచ్చే ఎపిసోడ్‌లో ఓపెన్ స్కూల్ అడ్మిషన్ ఫారం దగ్గర పెట్టుకుని, ఒక్కో గడి ఎలా నింపాలో చూద్దాం. ఉంటానండి, నమస్తే.