వరద కోసం చూసే చేప

పిల్లలూ! వరదంటే మనకు భయం. కాని వరద రాకపోతే చిక్కులో పడే చేప ఒకటున్నది. అమెరికాలో కొలరాడో నదిలో వుండే ఆ చేపపేరు పైక్‌మిన్నో. పూర్వం ఇది దాదాపు ఆరడుగులు పెరిగేది. మీ నాన్నగారి ఎత్తన్నమాట!

ఇది నది అడుగున గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. రాళ్ళ సందుల్లో నీరు పారితేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. పూర్వం ఏటేటా కొండలమీది మంచు కరిగి, వరద వచ్చి, సందుల్లోని ఒండ్రును కడిగేసేది. జలాశయాలు కట్టాక వరదనీరు చాలావరకు వాటిలోనే ఆగిపోయింది. ఈ చేప అంతరించే స్థితికి రావటానికి అదొక ముఖ్య కారణం.

మరి జలాశయాలు తీసేస్తే పొలాలకు, పట్టణాలకు నీరెట్లా? అందుకని 1995లో వాటిని నడిపేవాళ్ళు ఒక ఉపాయం మొదలుపెట్టారు. మంచు బాగా పడిన ఏట, నది పొంగే రోజుల్లో, గ్రీన్ మౌంటెన్, రూడై మొదలైన జలాశయాలు తమలోకి వచ్చే నీటిని కొద్దిరోజులు నిలవచేయకుండా కిందికి వదులుతవి. ఎవరికి తోచినప్పుడు వారు వదిలితే లాభం లేదు. ఏ నీరు ఎన్నాళ్ళకు చేరుతుందో లెక్కకట్టి, గ్రాండ్ జంక్షన్ పట్టణం దగ్గర పదిహేను మైళ్ళ మేర అన్ని నీళ్ళూ ఒక్కసారే పొంగేటట్టు చూస్తారు. జలాశయాలు తరవాత వచ్చే నీటితో నిండుతవి. ఊళ్ళు మునిగేటట్టుంటే మాత్రం వదలరు.

మంచు తక్కువైన ఏట వదలటానికి నీరుండదు. అప్పుడు ఒండ్రు రాళ్ళలోనే వుండిపోతుంది.