బెలఫాంటె: పాట వెనుక మనిషి

పాటను మెచ్చినవారు పాడినవానిని గౌరవింతురన్న నియమమేమియు లేదు. అమెరికా దేశమున నల్లజాతి గాయకునికి కరతాళములు మ్రోగిన ఊరిలోనే భోజనశాలలో ఆతనికి చోటు దొరకని దినములుండెను. ఆ దినములలో ప్రసిద్ధికెక్కిన హారీ బెలఫాంటె, తనకబ్బిన కీర్తి యెందులకని తన్ను తాను ప్రశ్నించుకొనిన కళాకారుడు.

ఆయన 1927లో న్యూయార్కు నగరమందలి హార్లెములో జన్మించెను. జమైకానుండి వలసవచ్చిన తల్లి ఇండ్లలో పనిచేసి పిల్లలను పోషించినది. బాల్యమున కొన్ని యేండ్లు జమైకాలోనే గడపి, అచటి శ్రమజీవుల పాటలు విని ఆయన పెరిగెను. చదువు మధ్యలో మాని, రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళములో చేరెను. తిరిగివచ్చిన పిదప ఒక భవనమున చిన్న చిన్న మరమ్మతులు చేయు కొలువునకు కుదిరెను. అందు అద్దెకున్నవారు బహుమానముగ నిచ్చిన నాటకపు టిక్కెట్టు ఆయన మనస్సును రంగస్థలమువైపు త్రిప్పినది.

1956లో వెలువడిన ‘కాలిప్సో’ రికార్డు పదిలక్షలకు పైగా అమ్ముడుపోయినది. అందు మిక్కిలి పేరొందినది రేవుకూలీల పాట. రాత్రియంతయు అరటిగెలలను ఓడకెత్తి, తెల్లవారగనే లెక్కచూచు గుమాస్తాకై ఎదురుచూచు కూలివాని మొర అది. విన్నవారు వినోదగీతమనుకొనిరి; ఆయనకది తనవారి కష్టగాథ. ఆయనకు గురుతుల్యుడు మహాగాయకుడు పాల్ రోబ్సన్. ప్రజలు నీ పాట పాడినచో, నీవెవరవో తెలిసికొనగోరుదురని రోబ్సన్ చెప్పిన హితవును ఆయన తరచు తలచుకొనుచుండెడివాడు.

ఆ 1956లోనే మార్టిన్ లూథర్ కింగుతో పరిచయము కలిగినది. కింగు నడచిన అహింసామార్గము గాంధీమహాత్మునినుండి స్ఫూర్తి పొందినది. బెలఫాంటె స్వభావముచే అహింసావాది కాడు. చిన్ననాటి అవమానములు ఆయనలో కోపమును రగిల్చినవి. ఆ సంగతి 2011 నాటి ఆత్మకథలో ఆయన దాచలేదు. ఆయన కోపమును చంపుకొనలేదు, దానిని పనికి మరల్చెను. 1963లో బర్మింగ్‌హామున చెరసాల పాలైన ఉద్యమకారుల జామీనుకు ధనము సమకూర్చెను. 1964లో మిసిసిపీ రాష్ట్రమున నల్లవారిని ఓటర్లుగా చేర్పించుచున్న యువకులకై, నటుడు సిడ్నీ పాయిటియెతో కలిసి గ్రీన్‌వుడ్ పట్టణమునకు రొక్కము స్వయముగ కొనిపోయెను. కూ క్లక్స్ క్లాన్ ముఠావారు త్రోవలో వెంటాడిరి.

1968లో ఒక టెలివిజన్ కార్యక్రమమున ఆంగ్లగాయని పెటూలా క్లార్క్ ఆయనతో పాడుచు ఆయన చేయి పట్టుకొనినది. ప్రకటనదారు ప్రతినిధి యొకడు అభ్యంతరము తెలిపెను. చేయి తాకని దృశ్యమును వాడుటకు ఆమె సమ్మతింపలేదు. పట్టుకొనిన దృశ్యమే ప్రసారమైనది. లక్షల రికార్డులు కొనిన దేశమున ఒక స్పర్శ ఇంత వివాదమైనది!

తాను కళాకారుడై పిదప ఉద్యమములోనికి వచ్చినవాడను కాననియు, ఉద్యమకారుడై యుండి కళాకారుడనైతిననియు ఆయన చెప్పుకొనుచుండెడివాడు. 2023 ఏప్రిలులో, 96 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

రేడియోలో ఆ రేవుకూలీల పాట ఎప్పుడైన వినవచ్చినచో శ్రోతలు లయకు తలయూపుట సహజమే. ఆ లయ నడుమ, లెక్క ముగిసినచో ఇల్లు చేరుదునని తూర్పు దిక్కు చూచుచున్న కూలివాని గొంతునుగూడ ఆలకింతురుగాక.