కోఠీ రెసిడెన్సీ భవనము

హైదరాబాదు వాసుల నోట కోఠీ అను మాట నిత్యము వినబడును. కాని ఏ మేడను బట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చినదో ఎరిగినవారు తక్కువ. కోఠీ అనగా పెద్ద మేడ. మూసీనదికి ఉత్తరమున, మహిళా కళాశాల ఆవరణలో నేటికిని నిలిచియున్న పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీయే అది.

1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసికొనెను. నాటి రెసిడెంటు జేమ్స్ అఖిలిస్ కిర్క్‌పాట్రిక్. ఆయన కోరిన స్థలపు పటము మిక్కిలి పెద్దదిగా ఉండుటచే నిజాం ఒప్పుకొనలేదనియు, దానినే చిన్న అట్టముక్కపై గీయించి చూపగా వెంటనే సమ్మతించెననియు ఒక ముచ్చట ఉన్నది. 1803లో పని ఆరంభమైనది. నమూనా మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్‌ది. వ్యయము మాత్రము నిజాముది. పరాయి అధికారమునకు మేడ కట్టించి ఇచ్చినది మన ఖజానాయే!

భవనము ఉత్తరాభిముఖము. ఇరువదికి పైబడిన మెట్లు, వాని కిరుప్రక్కల సింహములు, పైన ఆరు కొరింథియన్ స్తంభములు, వానిపై త్రికోణాకారపు నుదురు, దానియందు కంపెనీ చిహ్నము. లోపల విశాలమైన దర్బారు హాలు. దాని వెనుక ఒకటిగా బయలుదేరి రెండుగా చీలిపోవు మెట్లవరుస. చార్మినారు చూచిన కంటికి ఇదంతయు పరాయిగానే తోచును.

కాని వెనుకభాగమున మరొక లోకముండెను. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీన వంశమునకు చెందిన ఖైరున్నిసా బేగమును వివాహమాడి, ఆమెకై రంగ్ మహల్ అను జనానా కట్టించెను. పర్దాలోనుండు ఆమె ముంగిటికి వచ్చి మేడను చూడజాలదు గనుక, దాని ప్రతిరూపమును చిన్నదిగా తోటలో నిర్మించిరని చెప్పుదురు. 1805లో బిడ్డలిద్దరిని సీమకు పంపిరి. ఆ ఏడే భర్త కలకత్తాలో మరణించెను. బిడ్డలను మరల చూడకయే ఆమె 1813లో కన్నుమూసినది. రంగ్ మహలును 1860లో కూల్చివేసిరి. దొరల దర్బారు నిలిచినది, బేగం ఇల్లు నిలువలేదు. ఇది మాకు ఎన్నటికి కొరతగానే తోచును.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వమున రోహిలాలు ఈ భవనముపై దాడి చేసిరి. లోపల బంధింపబడిన జమాదారు చీదా ఖాన్‌ను విడిపింపవలెనని వారి పట్టుదల. ఫిరంగుల ముందు ఆ దాడి నిలువలేదు. తుర్రెబాజ్ ఖాన్ 1859లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. మౌల్వీ అండమానులో ప్రవాసిగా మరణించెను. ఇంత జరిగినను పాఠ్యగ్రంథములలో వీరికి లభించిన చోటు స్వల్పము.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇచటికి మారినది. పర్దాచాటున ఒక ఇల్లాలు చూడజాలని ముంగిటి మెట్లపై వేలాది బాలికలు పుస్తకములతో నడచిరి. కాలక్రమమున పైకప్పులు శిథిలము కాగా, ప్రపంచ స్మారక నిధి వంటి సంస్థల తోడ్పాటుతో జీర్ణోద్ధరణ సాగినది. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి.